అక్క చేతులు

ఫోన్‌లో ఆ రెండు చేతులు కదిలితే తప్ప బ్లెస్సీ నోరు తెరవదు.

సాయంత్రం ఆరింటికి కాశమ్మ పప్పన్నం కలిపిన గిన్నె పట్టుకుని మంచం మీద మనవరాలి ఎదురుగా కూర్చుంటుంది. తాత డానియేలు తన ఫోన్‌ను నీళ్ల బిందెకు ఆనించి నిలబెడతాడు. తెర మీద చేతులు కనిపిస్తాయి. ముఖం ఉండదు. మోచేతుల నుంచి కిందికి మాత్రమే. అవి ఉడికిన ఆలుగడ్డల పొట్టు తీస్తాయి, వేడి మీదే చిదుముతాయి, మైదా చల్లి మెత్తటి ముద్ద చేస్తాయి. ముద్దను తాడులా పొడుగ్గా పాకించి, చిన్న చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఫోర్కు మీద బొటనవేలితో నొక్కి జారుస్తాయి. ముక్క మీద సన్నగా గీతలు పడతాయి.

"హాయ్ ఫ్రెండ్స్! మీ పిల్లలు ఏది పెట్టినా వద్దంటున్నారా? ఇటలీలో అమ్మలు ఇంట్లో చేసే న్యోకీ ఇది. నా చేత్తో చేసి పెడితే మా బబ్లూ ఒక్కటి కూడా మిగల్చడు" అంటుంది ఒక తియ్యటి గొంతు.

గొంతు లాల్‌దర్వాజా స్రవ్య మేడంది. చేతులు ఆమె ఇంట్లో వంట చేసిన స్వీటీవి. స్వీటీ పోయి నాలుగు నెలలు దాటింది.

"మమ్మీ ఇయ్యాల ఆలు గుండ్లు చేస్తున్నది" అంటుంది బ్లెస్సీ. ఆరేళ్ల పిల్ల. కళ్లు తెర మీద నుంచి తీయదు. ఆ చేతులు ఒక ముక్కను జార్చినప్పుడల్లా నోరు తెరుస్తుంది. కాశమ్మ ముద్ద పెడుతుంది.

మట్టి చేసిన రోజున పిల్లకు చెప్పారు. మమ్మీ యేసయ్య దగ్గరికి పోయిందన్నారు. తల ఊపింది. మూడు రోజులు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. నాలుగో రోజు శనివారం. స్రవ్య ఛానల్లో కొత్త వీడియో వచ్చింది. డానియేలు చూడకుండానే నొక్కాడు. అందులో చేతులు చూసి బ్లెస్సీ లేచి కూర్చుంది. "మమ్మీ పనికి పోయింది" అంది. అన్నం తింది. ఆ మాట తప్పని చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. స్రవ్య ఎప్పుడూ ముందుగానే ఎన్నో తీసి పెట్టుకునేది. శనివారం శనివారం ఒక్కోటి వస్తూనే ఉంది.

స్వీటీ చెల్లెలు సుజన నయాపూల్ కోర్టు దగ్గర జిరాక్స్ దుకాణంలో పని చేస్తుంది. ఇంటికి వచ్చేసరికి ఇదంతా నడుస్తూ ఉంటుంది. ఆమె గడప దగ్గరే చెప్పులు విడిచి, తెర వంక చూడకుండా, గోడవారగా వంటింట్లోకి పోతుంది.

ఆ మంగళవారం మాత్రం కాశమ్మ ఆమెను గడప దగ్గరే ఆపింది.

"స్రవ్య మేడం ఫోన్ చేసింది. నిన్ను జర రమ్మంటున్నది."

"నన్నెందుకు?"

"అక్క వీడియోలు అయిపోయినయంట. మొన్న శనివారం పెట్టిందే ఆఖరుదంట." కాశమ్మ గొంతు తగ్గించింది. లోపల పిల్ల ఉంది. "నీ చేతులు అచ్చం దాని లెక్కనే ఉంటయని అక్క చెప్పేదంట, ఆమెకు యాది ఉన్నది. నువ్వు నిలబడితే పనవుతదంటున్నది."

సుజన తన చేతుల వంక చూసుకుంది. "అమ్మా, ఏం మాట్లాడుతున్నవ్?"

"శనివారం కొత్తది రాకపోతే పొల్ల అడుగుతది. ఏం చెప్పాలె? మల్ల మూడు దినాలు పస్తు పండుకుంటది. అప్పుడు దాని పక్కటెముకలు ఎట్ల తేలినయో చూసినవ్ గద." కాశమ్మ కొంగుతో గిన్నె అంచు తుడిచింది. అక్కడ తుడవడానికి ఏమీ లేదు. "పో బిడ్డా. పోయి నిలబడు."

*

దుకాణంలో అడిగి శుక్రవారం సగం పూట, శనివారం పూర్తిగా సెలవు పెట్టుకుంది. శుక్రవారం జహనుమాలోని ఇంటి నుంచి షేరింగ్ ఆటోలో ఇంజన్‌బౌలి, అలియాబాద్ దాటి లాల్‌దర్వాజా మోడ్ దగ్గర దిగింది. సందులో మూడో ఇల్లు. కింద వాళ్లదే పాల డెయిరీ. ఖాళీ క్యాన్లు కడిగిన నీళ్లు గడప దాకా పారుతున్నాయి. మీద మూడో అంతస్తులో వంటిల్లు. ఆరేళ్లు రోజూ అక్క ఎక్కిన మెట్లు. సుజన వాటిని ఎక్కడం ఇదే మొదటిసారి.

స్రవ్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్లుంటాయి. నిద్ర చాలని మొహం. కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో సుజన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్లు దూరం చేసి చూసింది. గోళ్లు చూసింది.

"ఓ మై గాడ్. సేమ్" అంది మెల్లగా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లే. "నీకు తెల్సా సుజనా, స్వీటీ లేకపోతే ఈ ఛానల్ లేదు. బబ్లూ అసలు ఏం తింటుండెనో దేవునికే తెల్వాలె. తెల్లగా ఉంటేనే తింటడు వీడు. అన్నం, ఇడ్లీ, పాలు. రంగు కనపడితే కక్కుతడు."

హాల్లో స్రవ్య అత్తగారు విమలాదేవి సోఫాలో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. సుజనను ఒకసారి ఎగాదిగా చూసి, లోపలికి చెప్పింది: "ఆమెకు చాయ్ పోయండి." చాయ్ వచ్చింది. ఆ ఇంట్లో కిందామీదా అన్నీ స్టీలు గ్లాసులే. సుజనకు వచ్చింది కాగితం కప్పు. తాగి ఎక్కడ వేయాలో అడగబోయింది. పొయ్యి పక్కన గోడకు చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. అందులో అలాంటి కప్పులే రెండు మూడు ఉన్నాయి.

నేర్చుకోవడానికి స్రవ్య లాప్‌టాప్ తెరిచింది. "ఇవి ఎడిట్ చేయనివి. చేతులు ఎట్ల తిప్పుతదో చూడు. నేను కింద డెయిరీ ఫోన్ చూసుకొని వస్త."

తెర మీద అక్క చేతులు. ఈసారి వాటితోపాటు గొంతు కూడా ఉంది.

"మేడం, గుమ్మడికాయ, క్యారెట్ ఉడకబెట్టి మంచిగ మెత్తగ రుబ్బుర్రి. టమాటల కలిపితె పిల్లలు పట్టలేరు. మా బ్లెస్సీకి నేను గట్లనే చేస్త. అది మస్తు హుషారు. గింజంత ముక్క తగిలినా నాలుకతోటి బైటికి తోస్తది." చేతులు ఆగి, గాలిలో ఆ తోయడాన్ని చూపించాయి. స్రవ్య నవ్వు వినిపించింది. "పాలు నిమ్మకాయతో విరిచి బట్టల కట్టుర్రి, మేడం. షాపుల డబ్బా ఎందుకు, కింద పాలున్నయి గద."

సుజన చెంపకు చెయ్యి ఆనించుకుని విన్నది. ఇదే మాట స్రవ్య గొంతులో తమ వంటింట్లో గోడ ఇవతలి నుంచి ఎన్నోసార్లు విన్నది. "ఇది నా సొంత ట్రిక్ ఫ్రెండ్స్" అని. గొంతు తీసేసిన చేతులనే నాలుగు నెలలుగా ఇంట్లో అందరూ చూస్తున్నారు. నవ్వే అక్కను, లొడలొడా మాట్లాడే అక్కను ఎవరో తుడిచి, మోచేతుల దగ్గర కోసి, ఇంటికి పంపుతున్నారు.

వెనక అలికిడైతే తిరిగి చూసింది. బబ్లూ నిలబడి ఉన్నాడు. ఐదేళ్లవాడు. సుజన మొహం వంక చూడలేదు. బల్ల మీద ఉన్న ఆమె చేతుల వంకే చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి నోరు తెరిచి నిలుచున్నాడు, పెట్టమన్నట్టు.

*

శనివారం పొద్దున తొమ్మిదింటికల్లా దీపాలు పెట్టారు. రెండు ఆలుగడ్డల ముద్దలు పాడుచేశాక సుజన చేతికి పని వచ్చింది. మైదా ఎక్కువైతే ముద్ద రబ్బరవుతుంది, తక్కువైతే నీళ్లలో కరిగిపోతుంది. బొటనవేలు నొక్కకూడదు, తాకీ తాకనట్టు జార్చాలి.

స్రవ్య తన ఉంగరం తీసి సుజన వేలికి తొడిగింది. "స్వీటీకి కూడా షూటింగప్పుడు ఇదే పెట్టేదాన్ని" అంది. ఆ తర్వాత కెమెరాలో చూసి, పెదవి కొరికి, ఆగింది.

"ఒక్క చిన్న విషయం. ఏమనుకోకు."

"చెప్పండి మేడం."

"మచ్చ." స్రవ్య తన ఎడమ మణికట్టును చూపించింది. "స్వీటీకి ఇక్కడ కాలిన మచ్చ ఉండె గద. కామెంట్లల్ల అడిగితె, బబ్లూకు పాలు కాస్తుంటె కాలిందని చెప్పిన. అంటే... నాకు కాలిందని. ఇప్పుడు లేకపోతే పట్టేస్తరు."

ఆమె చేతిలో గోధుమరంగు కళ్ల పెన్సిల్ ఉంది.

సుజన చెయ్యి చాపింది. ఎందుకు చాపిందో ఆమెకు తర్వాత కూడా తెలియలేదు. పెన్సిల్ మొన మణికట్టు మీద చల్లగా, చక్కిలిగింతగా తిరిగింది. స్రవ్య పాత వీడియో ఆపి పక్కన పెట్టుకుని, చూసి చూసి గీసింది. అంచులు వేలితో అద్దింది. ఐదు నిమిషాలు పట్టింది. పని అయ్యాక సుజన కిందికి చూసింది. తన మోచేతి చివర అక్క చెయ్యి ఉంది. వేళ్లు కదిపింది. అవి కదిలాయి.

పన్నెండింటికి అంతా అయిపోయింది. స్రవ్య ఫోన్‌లో వీడియో సర్దడానికి గదిలోకి పోయింది. వంటింట్లో లాప్‌టాప్ తెరిచే ఉంది. సుజన బల్ల తుడుస్తూ అక్క వీడియోల్లో చివర ఉన్నదాన్ని నొక్కింది.

చేతులు ముక్కలు జారుస్తున్నాయి. దగ్గు వినిపించింది. ఫోర్కు జారి కింద పడింది. చేతులు దాన్ని తీసుకున్నాయి, మళ్లీ పడింది.

"మేడం, జర కూసుంట. కాళ్లు గుంజుతున్నయ్. ఒళ్లంత కాలుతున్నది."

"అయ్యో, ఇంకొక్క షాట్ స్వీటీ, ప్లీజ్. వెలుతురు పోతది. ఇది అయితె రేపు రావద్దు, రెస్ట్ తీసుకో."

చేతులు మళ్లీ మొదలుపెట్టాయి. వేళ్లు వణుకుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి, పదకొండు ముక్కలు జార్చాయి. సుజన లెక్కపెట్టింది. కింద తేదీ ఉంది. ఆ తేదీకి మూడో రోజున అక్క పోయింది. డెంగీ అని ఆలస్యంగా తెలిసిందన్నారు. మొన్న శనివారం బ్లెస్సీ నవ్వుకుంటూ అన్నం తిన్నది ఈ చేతుల్నే చూస్తూ.

స్రవ్య గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. వచ్చి లాప్‌టాప్ మూసేసింది.

"మామూలు జరం అనుకున్న సుజనా. ఒట్టు. నాకు తెలిస్తె..."

సుజన ఉంగరం తీయబోయింది. రాలేదు. సింకు దగ్గర సబ్బు నురుగుతో లాగి తీసి, తుడిచి, బల్ల మీద పెట్టింది. మెట్లు దిగి ఆటో ఎక్కేదాకా మణికట్టు మీద మచ్చ సంగతి గుర్తు రాలేదు. కొంగుతో రుద్దింది. పోలేదు. నీళ్లకు పోయే రకం కాదది.

*

ఇల్లు చేరేసరికి ఆరు దాటింది. ఆటో దిగాక ఇంటికి పోబుద్ధి కాలేదు. ఫలక్‌నుమా స్టేషన్ బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. గడప దగ్గరకు వచ్చేసరికి లోపలి నుంచి ఆ తియ్యటి గొంతు వినిపించింది.

ఆ రోజు ఆమె గోడవారగా పోలేదు. మంచం వెనక నిలబడి తెర చూసింది.

తన చేతులు. దీపాల వెలుగులో, ఉంగరంతో, మచ్చతో. ముక్కలు జారుస్తున్నాయి.

"అమ్మమ్మా, మమ్మీ మచ్చ ఇంక మానలే" అంది బ్లెస్సీ. "మమ్మీ మెల్లగ చేస్తున్నది ఇయ్యాల. అలసిపోయినట్టున్నది." నోరు తెరిచింది. కాశమ్మ ముద్ద పెట్టింది. సుజన వైపు చూసి, బాగా చేశావన్నట్టు తల ఊపింది. ఆ ముసలి కళ్లలో కృతజ్ఞత ఉంది.

పిల్ల నమ్మింది. వచ్చే శనివారం కూడా నమ్ముతుంది. ఆ పైవారం కూడా. పదేళ్లకు, పన్నెండేళ్లకు ఏదో ఒక రోజు ఎవరో చెబితే తెలుస్తుంది, ఇన్నాళ్లూ తాను ఎవరి చేతులు చూసి తిన్నదో.

సుజన గూట్లోంచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. ఫోన్‌కూ పిల్లకూ మధ్య వచ్చి కింద కూర్చుంది.

"జరుగు చిన్నమ్మా, కనవడ్తలేదు."

సుజన చెయ్యి చాపింది. మణికట్టు పైకి తిప్పింది.

బ్లెస్సీ చూసింది. తెర చూసింది. మళ్లీ మణికట్టు చూసింది.

"మమ్మీది నీకొచ్చింది" అంది.

"ఏం చేస్తున్నవే?" కాశమ్మ లేచింది. "తింటున్నది గదనే! తిననియ్యి!"

"ఉండమ్మా." సుజన పిల్ల చూపుడువేలికి నూనె రాసింది. వేలిని తెచ్చి మచ్చ మీద పెట్టింది. "రుద్దు బిడ్డా."

బ్లెస్సీ రుద్దింది. ముందు మెల్లగా, తర్వాత గట్టిగా. మచ్చ అంచులు చెదిరాయి. గోధుమరంగు జిడ్డు వేలికి అంటింది. దాని కింద సుజన చర్మం నున్నగా, ఏ గాయమూ లేకుండా బయటపడింది. వెనక తెర మీద చేతులు ఇంకా ముక్కలు జారుస్తూనే ఉన్నాయి. డానియేలు చెయ్యి చాపి ఫోన్ బోర్లించాడు.

"గవి నా చేతులు బిడ్డా. ఇయ్యాల పొద్దుగాల నేను పోయి చేసిన. మమ్మీ చేసినయి అయిపోయినయి. మమ్మీ పనికి పోలేదు. మమ్మీ సచ్చిపోయింది. ఇగ రాదు."

పిల్ల వేలి మీది మరకను చూసుకుంది. వాసన చూసింది. ఆ తర్వాత వంగి సుజన చేతిని రెండు చేతులా పట్టుకుని, బొటనవేలి కింద కండను కరిచింది. పళ్లు దిగేదాకా కరిచింది. కాశమ్మ కేక వేసింది. సుజన చెయ్యి లాక్కోలేదు. పిల్ల దవడ నొప్పి పుట్టి తానే వదిలేదాకా అలాగే ఉంచింది.

*

ఆ రాత్రి బ్లెస్సీ ఏమీ తినలేదు. ఆదివారం పొద్దున ఇడ్లీ తెచ్చిపెడితే గోడ వైపు తిరిగి పడుకుంది. కాశమ్మ సుజనతో మాట్లాడటం మానేసింది. గిన్నెలతో మాట్లాడింది, వాటిని విసిరి విసిరి పెట్టింది. "పొల్ల పానం మీదికి తెచ్చినవ్" అని ఒక్కసారి మాత్రం అన్నది. చర్చికి డానియేలు ఒక్కడే పోయి వచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి ఏడుపు వినిపించింది. నాలుగు నెలల్లో మొదటిసారి. పిల్లల ఏడుపులా లేదది. పెద్ద మనిషి ఏడ్చినట్టు, లోపలి నుంచి తోడుకుంటూ వచ్చింది. కాశమ్మ పరుగున పోయి ఒళ్లోకి తీసుకుంది. తానూ ఏడ్చింది. బిడ్డ పోయాక ఆ ఇంట్లో గొంతెత్తి ఏడవడం ఆమెకూ అదే మొదటిసారి. మనవరాలు వింటుందని ఇన్నాళ్లూ బాత్రూంలో నల్లా విప్పుకుని ఏడ్చేది. డానియేలు గడప మీద కూర్చుని, రెండు మోకాళ్ల మధ్య తల వంచుకున్నాడు.

ఏడ్చి ఏడ్చి ఆగాక బ్లెస్సీ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. సుజన బియ్యం ఏరుతోంది. ఆమె చేతి మీద పళ్ల గాట్లు నీలంగా కమిలి ఉన్నాయి.

"ఆలు గుండ్లు నీకొస్తయా?"

"నేర్చుకున్న."

"చెయ్."

ఇంట్లో ఫోర్కు లేదు. దువ్వెన కొత్తది ఉంటే కడిగి దాని పళ్ల మీద జార్చింది. బ్లెస్సీ స్టూలెక్కి పొయ్యి పక్కన నిలబడింది. ఉప్పునీళ్లలో ముక్కలు మునిగాయి. ఒక్కొక్కటే పైకి తేలాయి. టమాటలో రుబ్బడానికి గుమ్మడికాయ లేదు, ఒక్క టమాటే. ప్లేటులో పెట్టి ఇచ్చింది.

పిల్ల ఒకటి నోట్లో పెట్టుకుని నమిలింది. చాలాసేపు నమిలింది.

"మంచిగ లేదు" అంది.

"అవును."

"మమ్మీది మెత్తగుంటది."

"నాకు గట్ల రాదు బిడ్డా."

బ్లెస్సీ ఇంకొకటి తీసుకుంది.

*

సోమవారం సాయంత్రం దుకాణం నుంచి నేరుగా లాల్‌దర్వాజా పోయింది. చాయ్ వద్దన్నది. నిలబడే చెప్పింది. ఇక రానని చెప్పింది. ఇంట్లో జరిగింది చెప్పింది. స్రవ్య కుర్చీలో కూలబడి విన్నది.

"పాపకు ఇట్ల అయితదని నాకు..." అని ఆగిపోయింది. ప్రతిసారీ ఆమె మాట అక్కడే ఆగిపోతోంది.

"మేడం, అక్క గొంతు నాకు పంపుర్రి. మొత్తం. ఆ ఆఖరుది కూడా."

"అది ఎందుకు సుజనా? మీకు బాధ..."

"మాది గది. పంపుర్రి." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఇంకోటి. మీరొకసారి జెప్పండి. గవి ఎవ్వరి చేతులో. పేరు జెప్తె చాలు."

స్రవ్య తల ఊపింది. అవుననో, చూస్తాననో తెలియలేదు. హాల్లోంచి విమలాదేవి దగ్గు వినిపించింది.

గొంతులన్నీ ఆ రాత్రే వచ్చాయి. ఒక్కటీ తగ్గకుండా పంపింది. డానియేలు ఫోన్ చెవికి ఆనించుకుని బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బిడ్డ గుమ్మడికాయ గురించి చెబుతుంటే వింటూ, మధ్యలో "ఊ" అన్నాడు. మళ్లీ "ఊ" అన్నాడు.

శనివారం కొత్త వీడియో వచ్చింది. బ్లెస్సీ అడగలేదు, పక్కింటి పిల్లతో గచ్చకాయలు ఆడుతోంది. సుజన ఒక్కతే చూసింది. అవి స్రవ్య సొంత చేతులు. తెల్లగా, పొట్టివేళ్లతో. ముద్ద చేతికంతా అంటుకుంది. ముక్కలు చితికిపోయాయి. నవ్వి, "ఈరోజు కొంచెం నర్వస్ ఫ్రెండ్స్" అంది. చివరి దాకా విన్నా ఎవరి పేరూ రాలేదు.

వీడియో కింద కామెంట్లలో ఒకామె అడిగింది: "అక్కా, చేతులు మారినట్టున్నాయి? ఇన్నాళ్లు చేసింది ఎవరు?" దాని కింద ఇంకో పాతికమంది అదే అడిగారు. స్రవ్య ఎవరికీ జవాబివ్వలేదు.

సుజన ఎప్పుడూ అలాంటిచోట ఒక్క అక్షరం రాసి ఎరగదు. గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. "అవి మా అక్క చేతులు. పేరు స్వీటీ. జహనుమాలో ఉండేది. ఈ వంటలన్నీ ఆమెవే. ఆరేళ్లు ఈ ఇంట్లో చేసింది. జ్వరంతో పోయింది. ఆమెకు ఒక కూతురు." మళ్లీ చదువుకుని, నొక్కింది.

అరగంట తర్వాత చూస్తే అది అక్కడ లేదు.

ఆదివారం పొద్దున చర్చికి పోయేముందు, బ్లెస్సీకి జడ వేయడం అయ్యాక, మళ్లీ రాసింది.